నెగడు చల్లారేదాకా

ఆ విడిది ప్రదేశానికి చెప్పుకోదగిన పేరేమీ లేదు. కొండ ఎక్కే మట్టిదారి చివరి మలుపు దగ్గర, రెండు గుంజలకు మేకులతో బిగించిన ఒక చెక్కపలక ఉండేది. దానిమీద గుడారం బొమ్మ, ఒక బాణం గుర్తు, వానలకు వెలిసిపోయిన తెల్లరంగు మాత్రమే మిగిలి ఉండేవి. అక్కడ బండి ఆపి, సామాను వీపులకెత్తుకుని, అర్ధగంటపాటు చెట్ల నీడలో నడిచి వెళితే, వాలు మీద మెట్లుమెట్లుగా చదును చేసిన ఏడు చిన్న స్థలాలు కనిపించేవి. ఒక్కొక్క చదునులో పొగకు నల్లబడిన రాళ్ళ వలయం ఒకటి, కూర్చోవడానికి అడ్డంగా పడేసిన మొద్దు ఒకటి. అంతే. ఇన్నేళ్ళ తరవాత కూడా నిద్రపట్టని రాత్రులలో నేను ఆ ఏడు చదునులనూ కిందినుంచి పైకి వరసగా తలచుకుంటూ ఉంటాను. చాలాసార్లు మూడోదాన్ని దాటి ముందుకు వెళ్ళను, ఎందుకంటే మాది అదే.

నాకు పదకొండో ఏడు వచ్చిన సంవత్సరం మొదలుకొని పదహారో ఏడు దాకా, ఏటా వానలు వెనకబట్టి చలి ఇంకా ముదరని రోజులలో, మావయ్య మా అన్నయ్యనూ నన్నూ అక్కడికి తీసుకువెళ్ళి ఐదు రాత్రులు ఉంచేవారు. మావయ్య అమ్మకు తమ్ముడు, మాటలు తక్కువ మనిషి. ఊళ్ళో ఉన్నప్పుడు ఆయన నాతో పది మాటలు మాట్లాడితే అది పెద్ద రోజుగా లెక్క. కొండ ఎక్కిన తరవాత కూడా ఎక్కువ మాట్లాడేవారని చెప్పను. అయితే అక్కడ ఆయన చేతులు మాట్లాడేవి. ఏది చెప్పాలన్నా ముందు మా చేత దాన్ని ముట్టించేవారు. నేలను ముట్టించారు, పుల్లను ముట్టించారు, తడిసిన గుడారపు గుడ్డను లోపలినుంచి ముట్టించారు, చివరికి బూడిదను ముట్టించారు. ఆ ఆరు సంవత్సరాలను గురించి నేను రాయగలిగిందంతా నిజానికి ఆ ముట్టుకున్న వస్తువుల గురించే.

ఆ చోట విద్యుత్తు లేదు. నీళ్ళకోసం, పై గట్టున రాళ్ళ సందునుంచి ఊరే చెలమకు ఎవరో ఒక ఇనప గొట్టం అమర్చారు. దాని చివరనుంచి చిటికెనవేలంత ధార రాత్రింబవళ్ళు పడుతూ ఉండేది. బిందె నిండడానికి పట్టే సమయంలో చుట్టూ ఉన్న నాచును, ఆ నాచులో మొలిచిన ఆవగింజంత గొడుగులను చూడటం మా పని. దూరంగా చెక్కతలుపు వేసిన గుంటమరుగుదొడ్డి ఒకటి ఉండేది. దారి మొదట్లో చెక్కపెట్టెలో ఒక పుస్తకం, దారంతో కట్టిన ఒక పెన్సిలు ఉండేవి. వచ్చినవారు తేదీ వేసి, ఎంతమంది వచ్చారో, ఎన్ని రాత్రులు ఉంటారో రాయాలి. ఆ పుస్తకం తిరగేస్తే మాకు ముందు వచ్చినవారు వెళ్ళిపోయి తొమ్మిది రోజులో, పన్నెండు రోజులో అయి ఉండేది. ఏడు చదునులూ మావే అన్న ఆనందం నాకూ అన్నయ్యకూ ఎంత ఉండేదో, పెన్సిలు ముల్లు ఎవరూ విరగ్గొట్టకుండా ఉంచారన్న తృప్తి మావయ్యకు అంత ఉండేది.

గుడారం వేయవలసిన చోటును ఆయన ఎంచుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. మేము నేల చూసేవాళ్ళం, ఆయన ఆకాశం చూసేవారు. “అమ్మలూ, ముందు పైకి చూడు” అనేవారు. చెట్టుమీద ఎండిపోయి, కిందపడకుండా మరో కొమ్మకు చిక్కుకుని వేలాడే మొద్దుకొమ్మలు ఉన్నాయా అని వెతికేవారు. గాలి లేకపోయినా అలాంటి కొమ్మ ఏ రాత్రయినా జారవచ్చు. ఆ తరవాతే కిందికి వంగేవారు. అరచేతిని నేలమీద పరచి, బరువంతా దానిమీద మోపి, కాసేపు అలా ఉండేవారు. చెయ్యి ఎత్తినప్పుడు అరచేతికి తడి అంటితే ఆ చోటు వద్దు. ఎండుటాకులు మాత్రమే అంటుకుంటే గుడారం అక్కడే. తల వాలుకు పైవైపు ఉండేట్టు, గుమ్మం గాలికి ఎదురు కాకుండా చూసుకుని అప్పుడు మేకులు దిగేసేవారు. మేకును గుడారానికి అవతలివైపు కాస్త వంచి కొట్టాలనీ, తాడు లాగే దిక్కునే మేకు కూడా వాలితే రెండు గాలులకు ఊడివస్తుందనీ నేను నేర్చుకున్నది పదకొండో ఏట.

మొదటి ఏడు మాత్రం ఆయన మా మాట విన్నారు. అన్నిటికంటే కింద ఉన్న ఒకటో చదును వాగును ఆనుకుని ఉండేది. నీటి చప్పుడు వింటూ పడుకోవచ్చునని నేనూ అన్నయ్యా ఎంత పట్టుబట్టామంటే, ఆయన ఒక్కసారి మా ఇద్దరి మొహాలూ చూసి, “సరే, ఈ రాత్రికి ఇక్కడే” అన్నారు. ఆ రాత్రి నేను జీవితంలో మొదటిసారి చలి అంటే ఏమిటో తెలుసుకున్నాను. నడిరాత్రి మెలకువ వచ్చేసరికి దుప్పటి అంచు తడిసి ఉంది, గుడారపు గుడ్డ లోపలివైపున నీటిబొట్లు వరసకట్టి ఉన్నాయి, ఒక బొట్టు నా చెవిలో పడింది. వాన పడిందనుకుని నేను లేచి కూర్చుంటే, మావయ్య నా వేలు పట్టుకుని ఆ గుడ్డమీద రాయించి, “ఇది మన ఊపిరే” అన్నారు. చలికి భయపడి మేము గుడారపు కిటికీలన్నీ మూసేశాం. మా ముగ్గురి ఊపిరిలోని ఆవిరి బయటికి పోయే దారిలేక, చల్లటి గుడ్డను తాకి నీరై మా మీదే రాలింది. 

మర్నాడు పొద్దున ఆయన మమ్మల్ని మూడో చదునుకు నడిపించారు. వాగుకు ముప్పై నలభై అడుగుల ఎత్తులో మాత్రమే ఉన్న ఆ చదునులో నేల పొడిగా ఉంది, గాలి కూడా అంత కొరికేట్టు లేదు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ చల్లగా ఉంటుందని పుస్తకంలో చదువుకున్న నాకు అది తలకిందులుగా కనిపించింది. పుస్తకం చెప్పింది అబద్ధం కాదు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీల సెల్సియస్ మేర వాతావరణం చల్లబడుతుంది, మా విడిది ఉన్న సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఆ తేడా మాకు పగలే తెలిసేది. కానీ మబ్బులేని, గాలిలేని రాత్రులలో కొండవాలు తన వేడిని ఆకాశానికి వదిలేసుకుంటుంది. ఆ వాలును తాకి చల్లబడ్డ గాలి బరువెక్కి, నీటిలాగే పల్లానికి జారి, వాగు ఒడ్డున మడుగు కడుతుంది. మేము ఆ చలిమడుగులో పడుకున్నామన్నమాట. ఆ ఏటినుంచి మూడో చదును మాదైంది.

ఆ గాలి జారడాన్ని కంటితో చూడవచ్చునని నాకు చూపించింది కూడా మావయ్యే. పగటిపూట ఎండకు వేడెక్కిన వాలు మీదుగా గాలి పైకి ఎక్కుతుంది. అందువల్ల సాయంత్రం నెగడు రాజేసినప్పుడు పొగ కొండశిఖరం వైపు పోతూ ఉండేది. సూర్యుడు అవతలి గట్టు వెనక్కి దిగిన కొంతసేపటికి ఆ పొగ నిటారుగా నిలబడేది. అప్పుడు మావయ్య చేతిలో ఏ పని ఉన్నా ఆపేసేవారు. మేము ముగ్గురమూ మొద్దుమీద కూర్చుని ఆ పొగనే చూస్తూ ఉండేవాళ్ళం. నిలబడిన పొగ ఏదో ఆలోచించుకుంటున్నట్టు కాస్త ఊగి, నెమ్మదిగా తల వంచి, వాగు వైపు పాకడం మొదలుపెట్టేది. “తిరిగింది” అనేవారు ఆయన. మేము లేచి, ఆయన చెప్పకుండానే, మొద్దుకు ఎగువ వైపుకు చేరి కూర్చునేవాళ్ళం. ఆ ఒక్క మాటకోసం నేను సంవత్సరమంతా ఎదురుచూసేదాన్ని అంటే ఇప్పుడు నమ్మశక్యంగా ఉండదేమో, కానీ అది నిజం.

నెగడు రాజేయడం గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. నిలబడి ఉన్న చెట్టును, అది ఎండినదైనా సరే, ఆయన తాకనిచ్చేవారు కాదు; ఎండుచెట్టు తొర్రలో పక్షులుంటాయి, దాని బెరడు కింద ఎన్నో పురుగులు బతుకుతాయి. నేలమీద రాలినవాటిలోనే, చేత్తో విరవగలిగినంత లావువి మాత్రమే ఏరుకోవాలి. గొడ్డలితో అక్కడ పనే ఉండేది కాదు. ఏరిన ప్రతి పుల్లనూ చెవి దగ్గర పెట్టుకుని విరవమనేవారు. ఎండిన పుల్ల టక్కున మోగి రెండు ముక్కలవుతుంది. పచ్చిది వంగుతుంది, తడిసినది మెత్తగా చప్పుడు లేకుండా విడిపోతుంది. చెవికి తెలియకపోతే పెదవికి ఆనించమనేవారు. వేళ్ళకు అందని చెమ్మ పెదవికి చల్లగా తగులుతుంది. అలా ఏరినవాటిని అగ్గిపుల్ల లావువి, వేలు లావువి, మణికట్టు లావువి అని మూడు కుప్పలు పెట్టి, మూడూ నిండాకే అగ్గిపెట్టె బయటికి తీసేవారు. దేవదారు జాతి చెట్ల కొమ్మలు కాండాన్ని కలిసే చోట జిగురు పేరుకుని రాయిలా గట్టిపడిన కణుపులు ఉంటాయి. వానరోజుల్లో సైతం రాలిపడిన అలాంటి కణుపు ఒకటి దొరికితే చాలు, దాన్ని చాకుతో పొరలుపొరలుగా చెక్కి, ఆ పొరలు రాలిపోకుండా పువ్వులా విప్పి, దానికే నిప్పు అంటించేవారు. జిగురు చిటపటమని నల్లటి పొగ వదిలి, ఆ తరవాత నారింజ రంగు మంట స్థిరంగా నిలబడేది. మొదటి మంట చుట్టూ పుల్లలు పేర్చేటప్పుడు మా అన్నయ్యకు ఎప్పుడూ తొందరే. పుల్లమీద పుల్ల వేసి ఊపిరాడకుండా చేసేవాడు. మావయ్య ఏమీ అనకుండా ఆ పుల్లలలో ఒకదాన్ని కాస్త పైకెత్తి పట్టుకునేవారు. ఆ సందులోంచి గాలి లోపలికి వెళ్ళిన మరుక్షణం మంట లేచేది. అన్నయ్య మొహం కూడా.

నీళ్ళు కాచడం నా వంతు. చెలమ నీరు ఎంత తేటగా ఉన్నా కాచకుండా తాగనిచ్చేవారు కాదు, తెర్లడం మొదలైన తరవాత కూడా మూడు నిమిషాలపాటు దింపనిచ్చేవారు కాదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున లెక్కవేస్తే మా చదునులో అది 94 డిగ్రీల దగ్గరే తెర్లేది. వంట ఆలస్యం కావడానికి కారణం అదేనని తెలిసిన తరవాత ఆకలి కొంచెం ఓర్పు నేర్చుకుంది. గిన్నెలు వాగులో కడగడం నిషేధం. నీళ్ళు చేదతో అరవై మీటర్ల దూరం మోసుకువచ్చి, అక్కడ కడిగి, ఆ నీటిని నేలమీద వెడల్పుగా చల్లేవాళ్ళం. మిగిలిన తిండిపదార్థాలను సంచిలో కట్టి, గుడారానికి దూరంగా ఎత్తయిన కొమ్మకు తాడుతో వేలాడదీసేవాళ్ళం. తాడు విసరడంలో మాత్రం అన్నయ్యను మించినవారు లేరు.

చీకటి పడ్డాక ఆయనకు ఒకే ఒక నియమం ఉండేది: నెగడు నిప్పులుగా మారిన తరవాత టార్చిలైటు వెలిగించకూడదు. తప్పనిసరైతే అద్దానికి ఎర్రకాగితం కట్టిన టార్చి ఒకటి ఉండేది, అది మాత్రమే వాడాలి. మొదట్లో నాకు ఇది శిక్షలా తోచేది. పావుగంట గడిచేదాకా చెట్లకూ ఆకాశానికీ తేడా తెలిసేది కాదు. అరగంట అవుతుండగా మాత్రం చదును అంచున ఉన్న రాళ్ళు ఒకటొకటిగా బయటపడేవి, దారి తెల్లగా కనిపించేది, అన్నయ్య ముక్కు ఆకారం తెలిసేది. చీకటికి అలవాటుపడటం అంటే కంటి వెనక పొరలో వెలుతురుకు కరిగిపోయే ఒక వర్ణద్రవ్యం మళ్ళీ నిదానంగా ఊరడమనీ, అందుకు ఇరవై ముప్పై నిమిషాలు పడుతుందనీ, ఒక్క తెల్లటి వెలుగు దాన్నంతా క్షణంలో చెరిపివేస్తుందనీ, ఎర్రటి మసకవెలుగు మాత్రం దాన్ని పెద్దగా చెడగొట్టదనీ నేను కాలేజీలో చదివాను. చదువుతున్నప్పుడు నా కళ్ళముందు కదలాడింది పాఠం కాదు, ఎర్రకాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేసిన ఆ టార్చి.

ఆ చీకట్లోనే నేను ఆండ్రోమెడా గెలాక్సీని చూశాను. ఆ ఋతువులో అది రాత్రి తొమ్మిదింటి వేళకు దాదాపు నడినెత్తికి వస్తుంది. మావయ్య నా గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచి, ఒక నక్షత్రం దగ్గరనుంచి ఇంకొక నక్షత్రానికి వేలితో నడిపించి, “ఇక్కడ ఆగు, కానీ సూటిగా చూడకు, కొంచెం పక్కకు చూడు” అన్నారు. సూటిగా చూస్తే అక్కడేమీ లేదు. చూపు కొద్దిగా పక్కకు జరపగానే, ఊపిరి తగిలిన అద్దం మీద మిగిలే మసకలాంటిది ఒకటి కనిపించింది. మసకవెలుతురును పసిగట్టే కణాలు కంటిపాప సూటిచూపు పడే చోట ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. ఆ మసకను పారశీక ఖగోళశాస్త్రజ్ఞుడు అబ్ద్ అల్ రహ్మాన్ అల్ సూఫీ 964 ప్రాంతంలో ఒక చిన్న మబ్బుగా గుర్తించి రాసుకున్నాడు. ఆయన కూడా దుర్భిణి లేకుండా, ఇలాంటి చీకట్లోనే చూసి ఉంటాడు. అక్కడినుంచి వెలుతురు మన దగ్గరికి చేరడానికి సుమారు 25 లక్షల సంవత్సరాలు పడుతుందని అన్నయ్య చెప్పినప్పుడు నేను వెంటనే కళ్ళు మూసుకున్నాను. అంత దూరంనుంచి వచ్చినదాన్ని కాసేపు లోపలే ఉంచుకోవాలనిపించింది. పక్కనే పిల్లలకోడి చుక్కలు తూర్పు చెట్ల పైకి లేచి ఉండేవి. ఇప్పుడు నేనుండే చోట వీధిదీపాల మధ్య అందులో నాలుగు చుక్కలు కనిపిస్తే గొప్ప. అక్కడ ఏడు లెక్కపెట్టేదాన్ని.

పడుకున్నాక వినిపించేవాటిని కూడా చెప్పాలి. అడవి నిశ్శబ్దంగా ఉంటుందని అనుకునేవారు గుడారంలో ఒక రాత్రి గడపలేదని నా అభిప్రాయం. మొదటి జాములో కీచురాళ్ళు ఎంత గట్టిగా అరిచేవంటే మాట వినిపించేది కాదు. చలి పెరిగేకొద్దీ వాటి అరుపుల మధ్య ఎడం పెరిగి, చివరికి ఎక్కడో ఒకటి మాత్రం మిగిలి, అది కూడా ఆగిపోయేది. వెచ్చదనాన్ని బట్టి కీచురాయి అరుపుల వేగం మారుతుందని అమెరికా భౌతికశాస్త్రవేత్త ఏమోస్ డాల్‌బేర్ 1897లోనే ఒక సూత్రం రాశాడు. మాకు సూత్రం అవసరం కాలేదు. చివరి కీచురాయి ఆగిందంటే రెండో దుప్పటిని కప్పుకోవడానికి కాక కిందికి పరచుకోవాలని తెలుసు, ఎందుకంటే గాలి కంటే నేల ఎక్కువ వేడిని లాగేస్తుంది. ఆ తరవాత మిగిలేది గొట్టంనుంచి పడే ధార, అప్పుడప్పుడూ గుడారం మీద రాలే గింజ, దూరంగా ఒక గుడ్లగూబ, దగ్గరగా మావయ్య ఊపిరి.

పద్నాలుగో ఏట వచ్చిన ఉరుముల రాత్రిని మరిచిపోలేను. గుమ్మం తాడుకు మావయ్య ఎప్పుడూ ఒక పైన్ చెట్టు కాయను కట్టి ఉంచేవారు. పొడిగాలిలో దాని రేకులు విచ్చుకుని ఉంటాయి. చెమ్మ తగిలితే, రేకులోని రెండు పొరలు సమానంగా ఉబ్బవు కనుక, అవి లోపలికి వంగి మూసుకుంటాయి. ఆ సాయంత్రం అది మొగ్గలా ముడుచుకుని ఉంది. పడుకోబోతుండగా అవతలి కొండల వెనక మెరిసింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, నలభై అయిదు దగ్గర ఉరుము వినిపించింది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున పదిహేను కిలోమీటర్లు. నేను చాలా దూరమే అనుకున్నాను. మావయ్య మాత్రం అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నారు. గుడారం పిడుగుకు ఏమాత్రం అడ్డు కాదు, ఎత్తయిన చెట్టు కింద ఉండటం అంతకంటే ప్రమాదం. నెగడుమీద నీళ్ళు కుమ్మరించి, ఎర్రటి టార్చి వెలుగులో అర్ధగంట దారినీ ఇరవై నిమిషాలలో దిగి, బండిలో కూర్చుని తలుపులు మూసుకున్నాం. దాని ఇనప తొడుగే మనకు రక్ష, రబ్బరు చక్రాలు కాదని ఆయన చెప్పారు. ఆ తరవాత గంటన్నరపాటు కొండంతా తెల్లగా వెలిగి ఆరుతూనే ఉంది. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆయన చెయ్యి కూడా వణుకుతోందని నాకు తెలిసింది, నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది, ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

తెల్లవారి పైకి వెళితే మా గుడారం తడిసి కుంగింది తప్ప చెక్కుచెదరలేదు. పై చదునులో, అంటే ఆ ఏడు అన్నయ్య ఎంతో ముచ్చటపడి అక్కడ వేద్దామని అడిగిన నాలుగో చదునులో, మనిషి తొడంత లావు కొమ్మ ఒకటి అడ్డంగా పడి ఉంది. అన్నయ్య దాని దగ్గరికి వెళ్ళి, విరిగిన చోట చెయ్యి పెట్టి చూశాడు. లోపలంతా ఎండి, పిండిలా రాలుతోంది. ఆ రోజంతా వాడు చాలా తక్కువ మాట్లాడాడు. తడిసిన నేలనుంచి వచ్చే వాసన మాత్రం ఆ పొద్దున ఎంత గాఢంగా ఉందంటే, దుప్పట్లు ఆరేస్తూ మధ్యలో ఆగి పీల్చుకునేవాళ్ళం. ఆ వాసనకు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం అందులో ఒక భాగం, దాన్ని మన ముక్కు అత్యంత స్వల్పమోతాదులో కూడా పసిగడుతుంది. పేరు తెలియని రోజుల్లో మేము దాన్ని “మూడో చదును వాసన” అనేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడ తొలకరి పడినా నా నోట ముందు ఆ మాటే వస్తుంది.

ఆఖరి రోజు పొద్దున పని అన్నిటికంటే పెద్దది. నెగడును ఆర్పడానికి మావయ్య పట్టించే సమయం, దాన్ని రాజేయడానికి పట్టించే సమయానికి రెట్టింపు. ముందురోజు రాత్రే కొత్త పుల్ల వేయడం మానేసి, ఉన్న మొద్దులను పూర్తిగా బూడిద కానిచ్చేవారు. పొద్దున చేదెడు నీళ్ళు పోసి, కర్రతో అడుగుదాకా కలియబెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ కలిపేవారు. చుస్సుమనే శబ్దం ఆగాలి, ఆవిరి ఆగాలి. వలయంలోని రాళ్ళను ఒక్కొక్కటిగా దొర్లించి వాటి అడుగున కూడా పోసేవారు. నేల కింద చెట్ల వేళ్ళూ, ఆకులు కుళ్ళిన మెత్తటి పొరా ఉంటాయి. నిప్పు వాటిలోకి దిగితే పొగ కూడా కనిపించకుండా రోజులతరబడి రాజుకుంటూ పోయి, ఎక్కడో దూరంగా పైకి లేవవచ్చు. ఇదంతా అయ్యాక ముందు చేతి వెనకభాగాన్ని బూడిదకు పైగా ఆడించి చూసి, వేడి తగలకపోతే అప్పుడు అరచేతిని లోపలికి దించేవారు. ఆ తరవాత మా వంతు. పది లెక్కపెట్టేదాకా చెయ్యి అక్కడే ఉండాలి. “చెయ్యి ఆగితేనే మనం కదలడం” అనేవారు.

ఒక ఏడు నేను ఆరు దగ్గరే చెయ్యి తీసేశాను. కాలిందని కాదు, ఇంటికి వెళ్ళే తొందర. “చల్లారిపోయింది మావయ్యా” అన్నాను. ఆయన ఏమీ అనకుండా నేను చెయ్యి పెట్టిన చోటికి జానెడు పక్కన, ఒక రాయి మొదట్లో, పుల్లతో గీరారు. బూడిదముద్ద కిందనుంచి చిటికెనవేలి కొసంత నిప్పుకణిక బయటపడి, గాలి తగలగానే ఎర్రగా విచ్చుకుంది. అది ఎంత అందంగా ఉందో చెప్పలేను. తెల్లటి బూడిద తొడుగులో, చుట్టూ నీళ్ళు పోసిన బురదలో, తన పాటికి తాను బతికి ఉంది. చెలమ దగ్గరికి ఇంకో నాలుగుసార్లు తిరిగి నీళ్ళు తెచ్చాను. ఆ రోజు మేము గంట ఆలస్యంగా దిగాం, ఇంట్లో అమ్మ కంగారుపడింది. ఆలస్యానికి కారణం మావయ్య తన మీద వేసుకున్నారు.

పదిహేడో ఏట చదువులు వచ్చాయి, ఆ తరవాత ఉద్యోగాలు. అన్నయ్య దూరదేశం వెళ్ళాడు. మావయ్య మోకాళ్ళు ముందు మెట్లకు, ఆ తరవాత వీధి చివరి వరకు నడకకు కూడా ఒప్పుకోవడం మానేశాయి. కిందటేడు వానలు వెనకబట్టాక, పదకొండేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేను మళ్ళీ ఆ కొండ ఎక్కాను. చెక్కపలక మారింది, బాణం గుర్తు పసుపురంగులో కొత్తగా ఉంది. మరుగుదొడ్డికి రేకు తలుపు వచ్చింది. పుస్తకం పెట్టె అలాగే ఉంది, పెన్సిలు మాత్రం అరంగుళం మిగిలితే నా సంచిలోది ఒకటి తీసి దారానికి కట్టాను. గొట్టంనుంచి ధార చిటికెనవేలంతే. మూడో చదునులో ముందు పైకి చూశాను. ఆ తరవాత మా అమ్మాయి అరచేతిని నా చేతికింద పెట్టి నేలకు అదిమాను. ఎండుటాకులు మాత్రమే అంటుకున్నాయి.

రెండు రాత్రులే ఉన్నాం. పొగ తిరిగే క్షణాన్ని తను మొదటి సాయంత్రం జారవిడుచుకుంది, రెండో సాయంత్రం నాకంటే ముందు పసిగట్టి, నేను నేర్పకపోయినా, “అమ్మా, తిరిగింది!” అంది. దానికి జవాబు చెప్పడానికి నాకు గొంతు పెగల్లేదు.

దిగివచ్చిన మర్నాడు మావయ్యను చూడటానికి వెళ్ళాం. కుర్చీలో కూర్చుని చెలమ సంగతి అడిగారు, నాలుగో చదునులో పడిన కొమ్మ ఇంకా ఉందా అని అడిగారు. అది మట్టిలో కలిసిపోయి, దాని వరసలోనే చిన్న మొక్కలు మొలిచాయని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత మా అమ్మాయిని దగ్గరికి రమ్మని, దాని కుడిచెయ్యి అందుకుని, వెలుతురు వైపు తిప్పి చూశారు. రెండుసార్లు స్నానం చేసినా గోళ్ళ సందుల్లో సన్నటి నల్లగీతలు ఇంకా మిగిలే ఉన్నాయి.

“ఎంతసేపు ఉంచావు?” అని అడిగారు.

“పది లెక్కపెట్టేదాకా, తాతయ్యా” అంది.

ఆయన ఆ చెయ్యి చాలాసేపు వదలలేదు.